కాయితం మీది రోవర్స్, మన రోవర్స్ కప్పు

1954ల రెండు ముచ్చట్లయినయి బిడ్డా. ఒకటి బొంబాయిల, ఇంకొకటి ఇంగ్లండ్ల. రెండింట్లనూ ఒకటే పేరు, రోవర్స్.

బొంబాయిది ముందు చెప్త. అక్కడ రోవర్స్ కప్పు అని ఫుట్‌బాల్ పోటీ జరుగుతుండె. కలకత్తా నుంచి పెద్ద పెద్ద టీములు దిగుతుండె. 1950ల మన హైదరాబాద్ సిటీ పోలీసోళ్లు పోయి ఆ కప్పు ఎత్తుకొచ్చిండ్రు. 51ల తెచ్చిండ్రు, 52ల తెచ్చిండ్రు, 53ల తెచ్చిండ్రు, 54ల గూడ వాళ్లే. వరసగ ఐదేండ్లు ఇంకొకరి చెయ్యి దానికి తాకనియ్యలే.

ఇంగ్లండ్ల అదే ఏడాది సెప్టెంబరు 11న టైగర్ అనే పిల్లల వారపత్రిక మొదటి సంచిక వచ్చింది. దాంట్ల ఒక బొమ్మల కథ, ‘రాయ్ ఆఫ్ ది రోవర్స్’. రాయ్ రేస్ అనే పోరగాడు, మెల్చెస్టర్ రోవర్స్ అనే ఫుట్‌బాల్ టీము. ఆ మెల్చెస్టర్ అనే ఊరిని పటంల ఎంత దేవులాడినా దొరకదు. కథ రాసినాయన ఫ్రాంక్ పెప్పర్, బొమ్మలేసినాయన జో కహూన్. ఇద్దరు గలిసి కాయితం మీద కట్టిన ఊరు, కాయితం మీద ఆడించిన టీము.

ఇగ చూడుండ్రి. మనది నిజం టీము, వాళ్లది లేని టీము. ఇయ్యాల ఇంగ్లండ్ల జర వయసు మీదపడ్డోన్ని ఎవరినన్న పట్టుకొని రాయ్ రేస్ ఎవరయ్యా అని అడిగితే, జుట్టు రంగుతోని సహా చెప్తడు. మీరు నాంపల్లి టేషన్ల నిలబడి, 54ల రోవర్స్ కప్పు గెల్చినోళ్లల్ల ఒక్కని పేరు చెప్పమని అడుగుండ్రి. రైలు పోతది గాని పేరు రాదు.

గిట్లెందుకయింది? నా లెక్కల దీనికి ఒకటే జవాబు. వాళ్లకు “మిగతాది వచ్చే వారం” అని చెప్పేటోడు ఉండె. మనకు లేకుండె.

నాకివన్ని ఎట్ల తెలుసని గదా ఆ నవ్వు? చెప్త, జరంత ఆ కందికట్టె లోపలికి నూకు, మంట తగ్గుతున్నది.

సదువుకునే రోజులల్ల నేను చిట్టిగిద్దల పాసింజర్ ఎక్కి పట్నం పోతుంటి. ఐతారం వచ్చిందంటే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తుండె, ఇప్పటికీ పరుస్తరు. అండ్ల ఇంగ్లండ్ పిల్లల పత్రికలు కట్టలు కట్టలుగ పడి ఉండేటియి. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రమే. బొమ్మలకు ఇంగ్లీషుతోని పనేముంది? అయితే ఒక చిక్కు. కట్టల ఒక వారంది ఉంటే తర్వాతి రెండు వారాలయి ఉండకపోతుండె. రాయ్ కాలెత్తి బంతిని తన్నిన బొమ్మ కాడ ఒక సంచిక అయిపోయింది. ఆ బంతి గోల్ల పడ్డదో, కట్టెకు తాకి తిరిగొచ్చిందో ఇప్పటికీ నాకెరుక లేదు. ఇన్నేండ్లయినా ఆ బంతి నా మీదికెల్లి పోతనే ఉన్నది. సీరియల్ కథ బలం అదే.

మనకు ఆ రుచి తెల్వక కాదు. 1947ల నాగిరెడ్డి, చక్రపాణి గారలు ‘చందమామ’ పెట్టినంక తెలుగు పిల్లలంతా ఆ రుచి మరిగినోళ్లే. దాసరి సుబ్రహ్మణ్యం గారు ‘ముగ్గురు మాంత్రికులు’ రాస్తుంటే, చిత్రా గారు బొమ్మలేస్తుంటే, నెల ఎప్పుడు తిరుగుతదా అని మేము గుంజుకున్నం, చింపుకున్నం, దెబ్బలు తిన్నం. అయితే ఆ కథలల్ల అన్ని మాంత్రికులు, రాజకుమారులు, గండభేరుండాలు. నెత్తికి రుమాలు, కాళ్లకు బూట్లు ఉన్న మన పోలీసు ఆటగాడు ఆ బొమ్మలల్లకు ఎన్నడు రాలే. ఇది పత్రికోళ్ల తప్పని నేననను. ఆట గురించి అట్ల చెప్పొచ్చని ఎవనికీ తోచలే.

ఇంగ్లండోళ్లు ఏం చేసిండ్రో జర నిమ్మళంగ వినాలె, అండ్ల పనితనం ఉన్నది. బయట నిజం ఫుట్‌బాల్ సీజన్ షురువైతే కథల గూడ మెల్చెస్టర్ సీజన్ షురువైతుండె. బయట కప్పు ఆటలు నడుస్తుంటే కథలనూ కప్పు ఆటలే. పోరగాడు శనివారం తన ఊరి టీమును చూసొచ్చి, అదే వారం రాయ్ టీమును చదువుతుండె. రెండూ కలిసిపోయి ఏది నిజమో, ఏది బొమ్మనో తేడా లేకుంట అయింది. ఎర్రంగి మీద పసుపు పచ్చ, ఆ జెర్సీ చూస్తే చాలు పిల్లలు గుర్తుపట్టేటోళ్లు. 1976ల రాయ్ పేరు మీద సొంతంగ వారపత్రికనే పెట్టిండ్రు. అది 1993 దాక నడిచింది.

ఆ నడుమ ఒకసారి గమ్మత్తయింది. 1981 ఆఖర్ల కథల రాయ్‌ను ఎవడో తుపాకితోని కాల్చిండు. కాల్చినోడు ఎవడో చెప్పకుంట వారాల తరబడి నడిపిండ్రు. లేని ఊరిల లేని మనిషికి గుండు తగిలితే ఉన్న దేశమంతా పరేషానయింది. 1985ల ఇంకో ఏషం ఏసిండ్రు. స్పాండౌ బ్యాలె అనే పాటల బృందం నుంచి ఇద్దరిని పట్టుకొచ్చి మెల్చెస్టర్ టీమ్ల ఆడించిండ్రు. నాకయితే అది నచ్చలే. ఆట కథల పాటగాండ్లకు ఏం పని? మన దిక్కు కబడ్డి పోటీకి సినిమా పోరిని పిలిచినట్లే అది. జనం వస్తరు, ఆట చూడరు.

మన నవాబుపేటల గూడ ఒకసారి ఈ పని జరిగింది. అచ్చుల కాదు, గోడ మీద. అప్పటికి నేను సదువయి ఊరికొచ్చిన. మన కబడ్డి టీము చేవెళ్ల, వికారాబాద్, శంకర్‌పల్లి దిక్కు పోయి ఆడుతుండె గాని ఊర్లనే చూసే దిక్కు లేకుండె. సర్కారోళ్ల కుటుంబ నియంత్రణ రాతలు రాసే పేంటరొకడు ఊర్ల ఉండె. ఎర్ర ముక్కోణం ఏయంగ డబ్బల ఎర్ర రంగు ఎంతో కొంత మిగులుతుండె. ఆ రంగు, సున్నం, ఇంత బొగ్గు పెట్టి అంగడి తొవ్వల ఒక గోడ మీద నాలుగు గడులు కొట్టిండు. మొదటి గడిల మనోడు కూతకు పోతుండు. రెండోదాంట్ల ఒకన్ని తాకిండు. మూడోదాంట్ల ముగ్గురు కాలు పట్టిండ్రు. నాలుగో గడిల మనోని చెయ్యి గీతకు జానెడు దూరంల ఉన్నది. కింద ఒక్క మాట, “మిగతాది వచ్చే అంగడికి”.

కందులు అమ్ముకొని పోయే రైతులు గంప నెత్తి మీద పెట్టుకొనే ఆ గోడ ముందట నిలబడ్డరు. చుట్టుపక్కల ఊర్లోళ్లు గూడ. వచ్చే అంగడికల్లా అండ్ల ఒక కొత్త పంచాయితీ మొదలయింది. గోడ మీద పడ్డ పోరడు తన కొడుకేనని ఒక అవ్వ గుర్తుపట్టింది. నా కొడుకును పది ఊర్ల ముందట బోర్ల పండబెడ్తవా అని చాట తీస్కొని పేంటర్ మీదికొచ్చింది. ఆ పేంటర్ తెలివిగల్లోడు. అవ్వా, వాడు ఈ వారమే పడ్డడు, వచ్చే అంగడికి లేస్తడు, నువ్వే వచ్చి చూడు అన్నడు. అవ్వ వచ్చింది. అవ్వ ఎంబడి వాడకట్టంతా వచ్చింది. ఆ తర్వాత ఊర్ల పోటీ పెడితే పందిరి చాల్లేదు. కొన్ని నెలలకు ఆ గోడ మీద ఎవరో ఇత్తనాల ప్రకటన రాయించిండ్రు, మా కథ సున్నం కిందికి పోయింది. పేంటర్ బతుకుదెరువుకు తాండూరు బండల పాలిషింగ్ దిక్కు పోయిండు. టీము మాత్రం మస్తు దినాలు నడిచింది.

అంటే గోడ మీద ఏసుకున్నా పనిచేస్తది. అచ్చుల ఏసి, టీవీల గూడ ఏస్తే ఏమైతదో జపానోళ్లను చూడాలె.

వాళ్లకు బేస్‌బాల్ అంటే పానం. టోక్యోల యోమియురి జెయింట్స్ అనే టీము ఉన్నది. పేరు చూస్తేనే తెలుస్తది, అది యోమియురి పేపరోళ్ల టీము. 1966ల వారం వారం వచ్చే షోనెన్ మ్యాగజైన్ల ‘క్యోజిన్ నో హోషి’ అని బొమ్మల కథ మొదలయింది, జెయింట్స్ నక్షత్రం అనుకోండ్రి. రాసినాయన ఇక్కి కాజివారా, బొమ్మలు నొబోరు కవాసాకివి. బీదింటి పోరడు హోషి హ్యూమ, వాన్ని జెయింట్స్‌ల ఆడించాలని పంతం పట్టిన తండ్రి. తండ్రంటే మామూలోడు కాదు. కొడుకు ఒంటికి ఇనుప స్ప్రింగులు కట్టి, అవి తొడుక్కొనే తిను, పండు అంటడు.

ఇండ్ల కిటుకేందంటే, ఇంగ్లండోళ్ల తీరు లేని టీమును పుట్టించలే. పోరడు ఉత్తవాడు, టీము నిజంది. వాని పక్కపొంటి ఆడే నగాషిమ నిజం, సదహారు ఓ నిజం. కోచ్ కవకామి నిజం. ఆ కవకామి తొడిగిన 16 నెంబరునే కథల పోరనికి ఇచ్చిండ్రు. ఆ టీము 1965 నుంచి 1973 దాక వరసగ తొమ్మిదేండ్లు జపాన్ సిరీస్ గెల్చింది. గెలుస్తున్న నడుమల్నే ఈ కథ నడిచింది, 1971 దాక. 1968ల దాన్ని కదిలే బొమ్మలు చేసి యోమియురి టీవీల ఏసిండ్రు. టీము గెల్చినందుకు కథ నడిచిందా, కథ నడిచినందుకు జనం టీము ఎంబడి పడ్డరా అంటే, నేనయితే రెండూ అంట. కథ అచ్చేసింది పేపరోళ్లు గాదు, కొడాన్షా అనే వేరే కంపెనీ. అయినా లాభం జెయింట్స్‌కే ముట్టింది. పక్కోడు ఈత గొడితే మనం ఒడ్డెక్కినట్లు. ఒక్క బంతి ఇసిరేటందుకు ఒక వారం కథంతా పడుతుండెనట. పట్టనియ్యి. పోరగాండ్లు ఆ బంతి కొరకే బతికిండ్రు.

మన పట్నానికి ఈ కథతోని సుట్టరికం కలిసింది, ఇది మీకెవరికీ తెల్వదు. 2012 డిసెంబర్ల అదే కథను మన దేశానికి దింపిండ్రు. బేస్‌బాల్ తీసి క్రికెట్ పెట్టిండ్రు, టోక్యో తీసి ముంబై పెట్టిండ్రు, హ్యూమ పోయి సూరజ్ అయిండు. ‘సూరజ్ ద రైజింగ్ స్టార్’ అని కలర్స్ టీవీల వచ్చింది. స్ప్రింగులు మనోళ్లకు వింతగ ఉంటయని సైకిల్ ట్యూబులు కట్టిండ్రు. జపానోళ్లతోని కలిసి ఆ బొమ్మల పని చేసింది మన హైదరాబాదుల ఉన్న డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్. పట్నంల యానిమేషన్ సదివే మనుమరాలు ఫోన్ల పెట్టి చూపిస్తే నాకు నవ్వాలో ఏడ్వాలో తెల్వలే. బొమ్మలేసే చెయ్యి మన కాడనే ఉన్నదని తేలిపాయె. జపాన్ కథను ముంబైల పెట్టి హైదరాబాదుల గీసిండ్రు, హైదరాబాద్ కథ మాత్రం అట్లనే ఉన్నది.

ఇంకొకటి చెప్పి అసలు ముచ్చటకొస్త. 1981ల జపాన్‌లనే యోయిచి తకహాషి అనే ఆయన ‘కెప్టెన్ త్సుబాస’ మొదలువెట్టిండు, ఫుట్‌బాల్ కథ. అప్పటికి జపాన్ల ఫుట్‌బాల్‌కు పైసలిచ్చి ఆడించే లీగు గూడ లేదు. అది 1993ల వచ్చింది. 1998ల వాళ్లు మొదటిసారి ప్రపంచ కప్పుకు పోయిండ్రు. ఆ కథ చదివి బంతి పట్టినోళ్లు మస్తుమంది, ఫ్రాన్స్ జిదాన్, ఇటలీ దెల్ పియెరో పేర్లు గూడ చెప్తరు. ఇప్పుడు ఆ తకహాషినే నాన్‌కట్సు ఎస్‌సీ అని ఒక నిజం క్లబ్బుకు యజమాని. నాన్‌కట్సు అంటే ఆయన కథల త్సుబాస ఆడిన టీము పేరే. ఇంగ్లండోని టీము కాయితం మీదనే ఉండిపోయింది, ఈయనది కాయితం మీదికెల్లి మైదానంలకు దిగింది. జపాన్ తరఫున ప్రపంచ కప్పులాడిన ఇనమోతో గూడ 2022ల ఆ క్లబ్బుల చేరిండు.

ఇగ మనది. పొద్దుగాల కబడ్డి పోరగాండ్లు చందాకు వచ్చిండ్రు, ఫ్లెక్సీ కట్టిస్తరంట. ఫ్లెక్సీ ఏం చేస్తది రా? పైసలిచ్చినోని మొఖం బారెడు, ఆటగాని మొఖం బెత్తెడు. గాలొస్తే చిరిగిపోతది. దాన్ని చూసి రేపేమైతదో అని ఎవడన్న ఇంటికి పోయి ఆలోచన చేస్తడా? రోజుకొక బొమ్మ గీసి ఫోన్ల పెట్టుండ్రి, మీకు వచ్చిందే గదా ఆ పని. నాలుగు గడులు చాలు. నాలుగో గడిల చెయ్యి గీతకు జానెడు దూరంల ఆగాలె.

అయితే ముందుగాల గీయాల్సిన కథ ఒకటున్నది. అది సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్‌ది. ఆ ఐదు రోవర్స్ కప్పుల ఎనకాల ఉన్న కోచ్. ఆయన పోలీసాయన గాదు, బడిపంతులు. మొదటి వారం అక్కడికెల్లే మొదలువెట్టుండ్రి. పంతులు పోటీ పెడుతడు, పోటీకి ఒకటే షరతు, కుడికాలు వాటమున్నోడు ఎడమ కాలితోనే తన్నాలె. ఇంకో పోటీల బంతిని కాళ్లల్ల నాన్చొద్దు, తాకంగనే పక్కోనికి ఇయ్యాలె. ఇవి నేను కల్పిస్తున్నయి కావు, ఆయన నిజంగ నడిపిన పోటీలే. బొమ్మల ఎంత బాగుంటయో చూడుండ్రి. పెద్ద పెద్ద ఆటగాండ్లు ఎడమ కాలితోని తన్నబోయి ఎల్లెలుకల పడుతుంటరు.

రెండో వారం తులసీదాస్ బలరాంది. సికింద్రాబాద్ కాడ అమ్ముగూడ పోరడు, ఇంట్ల లేమి. ఆట నేర్చుకుందామంటే పట్నం దాక వచ్చే పైసలు లేవు. సైకిలు కిరాయికి రహీం సాబ్ తన జేబుల నుంచి ఇచ్చి పిలిపించుకున్నడని బలరామే చెప్పుకున్నడు. సైకిలెక్కి పోరడు మలుపు తిరగంగ ఆ వారం ఆపుండ్రి.

మూడో వారం ఓటమి పెట్టాలె. ఓటమి లేని కథను పిల్లలు గూడ నమ్మరు. 1952ల హెల్సింకి ఒలింపిక్స్‌ల యుగోస్లావియా మన మీద 10-1తోని గెల్చింది. ఆ చలిల మనోళ్లు కొందరు బూట్లు లేకుంటనే ఆడిండ్రు. నాలుగేండ్లకు 1956ల మెల్బోర్న్‌ల అదే రహీం సాబ్ టీము ఆస్ట్రేలియాను వాళ్ల ఇంట్లనే 4-2తోని కొట్టింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టిండు. సెమీఫైనల్ దాక పోయి, మల్ల యుగోస్లావియా చేతుల్ల ఓడి, నాలుగో స్థానంల నిలబడ్డం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌ల మన దేశం అంతకంటే పైకి ఇప్పటిదాక పోలే. ఆ టీమ్ల మన హైదరాబాదోళ్లు ఎంతమందో. గోల్ కాడ పీటర్ తంగరాజ్, ముందట బలరాం.

ఆఖరిది జకార్తా, 1962 ఏషియన్ గేమ్స్. ఇది ఒక్క వారంల ఒడవదు, నెలంతా సాగదీయుండ్రి, నేనేమనను. రహీం సాబ్‌కు అప్పటికే కాన్సర్. జర్నైల్ సింగ్‌కు తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డయి. ఆయన డిఫెండరు, ఎనుక నిలబడి ఆపేటోడు. ఇంకో కోచ్ అయితే ఇంటికి పంపుతుండె. ఈయన ఏం చేసిండు? తలకు పట్టీ కట్టిన డిఫెండర్‌ను తీస్కపోయి ముందట నిలబెట్టి గోల్ కొట్టు పో అన్నడు. ఆ పట్టీ తలతోనే సెమీఫైనల్ల ఒకటి కొట్టిండు, ఫైనల్ల ఇంకొకటి. ఫైనల్ దక్షిణ కొరియాతోని. మైదానం నిండ మనకు ఎదురు అరిచే జనమే. మొదటి గోల్ పీకే బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. 2-1తోని బంగారం మనది. ఆ ముచ్చట మేము రేడియోల విని ఎగిరినం. ఎగిరినం గాని, ఎవడు ఎట్ల కొట్టిండో కండ్లకు కట్టినట్లు చెప్పే బొమ్మ ఒక్కటి లేకుండె మా చేతుల్ల.

రహీం సాబ్ 1963 జూన్ 11న పోయిండు. ఆయన మీద ‘మైదాన్’ అని హిందీ సినిమా 2024ల వచ్చింది. మంచిదే. సినిమా మూడు గంటల్ల అయిపోతది, ఇంటికొచ్చి అన్నం తిని పండుకుంటం. నాకు కావాల్సింది వారం వారం పోరగాండ్లు కొట్లాడుకునేది, తెలుగుల.

మీల గీసేటోళ్లు ఎవరన్న ఉంటే రేపు పొద్దుగాల రాండ్రి. తేదీలు, పేర్లు నేను చెప్త. కాయితాల పైసలు, రంగుల పైసలు నావి. ఫ్లెక్సీకి మాత్రం నా దగ్గర రూపాయి లేదు.